తక్కోలపు యుద్ధము – కాళి యను జాగిలము

ప్రాచీనులు సేనను చతురంగములుగా విభజించిరి. రథములు, గజములు, తురగములు, పదాతులు అనునవి యా నాలుగంగములు. నీతిశాస్త్రములందును, కావ్యములందును ఈ నాలుగింటి వర్ణనయే విరివిగా కానవచ్చును. ఆ పట్టికలో శునకమునకు చోటు లేదు. ఐనను సైనికుని గుడారము వాకిట కాపున్నదియు, అతని చేతికూటిలో పాలుగొన్నదియు, అతనితోపాటు దెబ్బలు తిన్నదియు శునకమే. పట్టికకెక్కని యీ సేవను మన పూర్వులు గుర్తించిరా? గుర్తించినచో ఆ గుర్తింపు ఎట్టిది? తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతముల తెలుగువారు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై దూరము పోవలసిన పనిలేదు. పొరుగుననే యున్న తక్కోలమున వెయ్యేండ్లకు పూర్వము జరిగిన యుద్ధమును, దాని పిమ్మట కన్నడదేశమున నిలిపిన యొక శిలయు ఆ సమాధానము నిచ్చుచున్నవి.

ముందుగా మన వాఙ్మయమును పరికింతము. శునకమునకు సారమేయమని పేరు. దేవశునకియైన సరమ సంతతి యగుటచే ఆ పేరు కలిగినది. నన్నయభట్టు ఆదిపర్వారంభముననే యీ సరమ కథ గలదు. జనమేజయుని యాగశాల యొద్ద ఆడుకొనుచున్న సరమ కొడుకును రాజు తమ్ములు నిష్కారణముగ కొట్టిరి. సరమ రాజు నెదుటికి వచ్చి న్యాయమడిగి, నేరమెఱుగని ప్రాణిని హింసించినవారికి కీడు తప్పదని హెచ్చరించినది. భారతాంతమున, తిక్కన సోమయాజి రచించిన మహాప్రస్థానిక పర్వమున, ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమున కేగుట కొప్పుకొనలేదు. నమ్మి వెంటవచ్చిన దానిని విడుచుట అధర్మమని యాతని నిశ్చయము. శునకమునకు జరిగిన అన్యాయము మొదటను, శునకమును విడువని ధర్మము తుదను నిలిచిన గ్రంథము మన మహాభారతము.

కావ్యమునుండి శిలకు వత్తము. తమిళదేశమున తిరువణ్ణామలై జిల్లాయందలి ఎడుత్తనూరున పల్లవ మహేంద్రవర్మ కాలపు వీరశిల యొకటి గలదు. అది క్రీస్తుశకము 7వ శతాబ్ది తొలినాళ్లది. ఆకాలమున పశువులను తోలుకొనిపోవుటయే యుద్ధమునకు నాంది. విరాటపర్వమునందలి గోగ్రహణము మనకు తెలిసినదే. పశువులను విడిపించు పోరాటమున ఒక వీరుడు మడిసెను. అతని కుక్క పేరు కోవివన్. అది దొంగల నిద్దరిని కఱచి నిలిచినదని ఆ శిల చెప్పుచున్నది. యజమానుని రూపము ప్రక్కన కుక్క రూపమును చెక్కబడియున్నది. వీరుని పేరుతో సమానముగ కుక్క పేరును శిలపై నెక్కుట సామాన్య విషయము కాదు.

ఇక తక్కోలమును గూర్చి. ఈ యూరు అరక్కోణమునకు చేరువను, కుశస్థలీ నదీతీరమున నున్నది. నేడు రాణిపేట జిల్లాలో చేరియున్నను, తిరువళ్లూరు జిల్లా సరిహద్దునకు మిక్కిలి సమీపము. జలనాథేశ్వరస్వామి ఆలయముచే ఈ స్థలము ప్రసిద్ధము. ఈ సీమ ఆదినుండియు సరిహద్దు భూమియే. పల్లవుల పిమ్మట చోళులును రాష్ట్రకూటులును దీనికై పోరిరి. తరువాతి కాలమున తిరుత్తణి కార్వేటినగర సంస్థానమున నుండెను. 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరెను. అందుచేతనే యీ సీమ చరిత్రను తమిళ, కన్నడ, తెలుగు దేశముల మూడింటియందును వెదకవలసియుండును.

క్రీస్తుశకము 949లో రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు దక్షిణమునకు దండెత్తి వచ్చెను. చోళరాజు మొదటి పరాంతకుని కుమారుడైన రాజాదిత్యుడు తక్కోలమున అతని నెదిర్చెను. గంగవంశీయుడైన రెండవ బూతుగుడు కృష్ణుని పక్షమున పోరాడెను. ఏనుగుపై నుండి పోరుచున్న రాజాదిత్యుడు ఆ యేనుగుపైననే ప్రాణములు విడిచెను. అందుచే చోళశాసనములలో ఆయనకు ‘ఏనుగుపై తుదినిద్ర చెందిన దేవుడు’ అను అర్థము గల తమిళనామము నిలిచినది. ఈ విజయముతో తొండమండలము రాష్ట్రకూటుల వశమయ్యెను. కంచిని, తంజావూరును గైకొన్నవాడను బిరుదుతో కృష్ణుని శాసనములు ఈ మండలమున పెక్కుచోట్ల కానవచ్చుచున్నవి.

ఇంతవరకు రాజుల కథ. దీని వెనుక నున్న సైనికుని కథను ఆతకూరు శాసనము తెలుపుచున్నది. ఆతకూరు కర్ణాటకమున మండ్య జిల్లాలోని గ్రామము. శాసనము శకవర్షము 872, సౌమ్య సంవత్సరమునాటిది, భాష కన్నడము. రాజాదిత్యుని చంపినందులకు కృష్ణుడు బూతుగునకు బనవాసి పన్నెండువేలు, బెళ్వొల మూడువందలు మున్నగు నాడుల నిచ్చెనని అందు గలదు. బూతుగుని కొలువున మణలేరుడను వీరుడుండెను. తక్కోలపు పోరున అతడు ప్రదర్శించిన పరాక్రమమునకు మెచ్చి బూతుగుడు ‘నీకేమి కావలెనో కోరుకొను’మని పలికెను. మణలేరుడు ధనమడుగలేదు, అధికారమడుగలేదు. రాజు పెంచుచున్న కాళి యను జాగిలమును కోరెను. రాజు దాని నిచ్చెను.

మణలేరుడు కాళిని తన సీమకు గొనిపోయెను. అచ్చట బేళతూరి కొండపై నొక మహావరాహముపైకి దానిని విడిచెను. జాగిలమును వరాహమును పోరాడి, ఒకదానిచేత నొకటి చచ్చినవి. మణలేరుడు దానిని మఱచిపోక, ఆతకూరున చల్లేశ్వరాలయము ముందట శిలను నిలిపించెను. శిలపై కుక్కయు పందియు పోరాడు చిత్రము చెక్కబడినది. దాని నిర్వహణకై చెరువు క్రింద రెండు ఖండుగల భూమి యీయబడినది. ఈ శిలకు పూజ చేయక భుజించిన అర్చకునకు ఆ కుక్క చేసిన పాపము తగులునని శాపవాక్యమును వ్రాయబడియున్నది. ఆ శిల ప్రస్తుతము బెంగుళూరు ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నది.

కాళి యుద్ధరంగమున చావలేదు, వేటలో చచ్చినది గదా, దానిని యుద్ధశునకమని చెప్పవచ్చునా యని కొందఱు శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. కాని ఆనాడు వేట రాజభటులకు యుద్ధాభ్యాసమే. అంతకన్న ముఖ్యమేమనగా, ఒక వీరుడు మహాయుద్ధమున తన ప్రాణమొడ్డి గడించిన బహుమానము ఆ జాగిలమే. రాజాదిత్యుని మరణమును, నాడుల దానమును, కుక్క మరణమును ఒకే శిల మోయుచున్నది. పైగా మణలేరుడు చేసిన సత్కారమున మూడంశములు గలవు: పేరును నిలుపుట, రూపమును నిలుపుట, శాశ్వతముగ భూమి నేర్పరచుట. కేవలము కన్నీటితో ముగియక, తరువాతివారికి బాధ్యత నప్పగించిన సత్కారమిది.

విజయనగర, నాయకరాజుల కాలమున తెలుగువారు తమిళదేశమున పలుచోట్ల పాళెములు నెలకొల్పిరి. అట్టి వలసలతో వెలసిన రాజపాళెయమున తెలుగు క్షత్రియరాజులు స్థిరపడిరి. ఆ యూరి పేరిటనే తెల్లని మేను గల ప్రసిద్ధ జాగిలజాతి యొకటి గలదు. పాళెగాండ్ర యుద్ధములలో ఈ జాగిలములు ఆంగ్లేయుల గుఱ్ఱపుసాలలపై బడెనని జనశ్రుతి. అది జనశ్రుతియే గాని, కావలికిని వేటకును ఈ జాతికి గల ప్రసిద్ధి మాత్రము నిస్సంశయము. 2005 జనవరి 9వ తేదీన భారత తపాలాశాఖ నాలుగు స్వదేశీ శునకజాతులపై తపాలాబిళ్లలు వెలువరింపగా, అందు రాజపాళెయపు జాగిల మొకటి.

ఆధునిక యుద్ధములలో శునకమునకు క్రమబద్ధమైన శిక్షణ మేర్పడెను. మొదటి ప్రపంచయుద్ధమున ఫిరంగిగుండ్ల దెబ్బకు టెలిఫోను తీగలు తెగిపోవుచుండెను. వార్తగొనిపోవు భటుడు బురదలో మెల్లగా నడచుచు తుపాకికి గుఱియగుచుండెను. నేలకు వంగి వేగముగ పరుగెత్తు కుక్క ఆ పనిని నేర్పుతో నెరవేర్చెను. కావున 1917లో బ్రిటిషువారు షూబరీనెస్ అనుచోట, రిచర్డ్‌సన్ అను అధికారి ఆధ్వర్యమున, యుద్ధశునక పాఠశాలను స్థాపించిరి. ఇట్టి పనులలో కుక్కకు గల ముఖ్యబలము దాని ముక్కు. మానవుని నాసికలో వాసనను గ్రహించు కణములు సుమారు 50 లక్షలనియు, కుక్కకు జాతిని బట్టి 20 కోట్ల నుండి 30 కోట్ల వరకు నుండుననియు శాస్త్రజ్ఞులు లెక్కింతురు. భూమిలో పాతిన మందుపాతరను, చీకటిలో పొంచియున్న శత్రువును, మంచు క్రింద కూరుకొనిన సైనికుని కుక్క కనిపెట్టుట ఈ శక్తివలననే.

పనిచేయు కుక్కలు గాక, పటాలము తన శుభచిహ్నముగ పెంచుకొను కుక్కలును గలవు. ఇంటికి దూరమై చావు నెదుట నిలిచిన సైనికునకు అట్టి కుక్క ఇంటి జ్ఞాపకము. స్టబ్బీ యను కుక్క అమెరికా 102వ పదాతిదళముతో ఫ్రాన్సు చేరి, విషవాయువు వాసనను ముందుగ పసిగట్టి సైనికులను లేపుచుండెను. 1926లో అది చనిపోయినది. దాని దేహమును వాషింగ్టను ప్రదర్శనశాలలో భద్రపరచిరి. రెండవ ప్రపంచయుద్ధమున జూడీ యను బ్రిటిషు నౌకాదళపు కుక్క సుమత్రాలో జపానువారికి చిక్కిన బందీలతో చెరలో నుండెను. దానిని యుద్ధఖైదీగ నమోదు చేయించి బందీలు దాని ప్రాణము కాపాడిరి. 1946లో దానికి డికిన్ పతకము లభించెను. బ్రిటనులో జంతువుల యుద్ధసేవకై 1943లో నెలకొల్పబడిన పతకమిది.

ఐనను ఈ చరిత్ర యంతయు కీర్తికరము కాదు. రెండవ ప్రపంచయుద్ధమున సోవియటు సేన కుక్కల వీపులకు ప్రేలుడు పదార్థములు కట్టి జర్మను ట్యాంకుల క్రిందికి పంపెను. వియత్నాము యుద్ధమున సుమారు 4000 అమెరికా సైనిక శునకములు సేవచేసెను. సేన తిరిగిపోవునప్పుడు వానిలో అధికభాగమును అచ్చటనే విడిచిరి, లేదా చంపిరి. తోటి సైనికులు దీర్ఘకాలము దుఃఖించి పోరాడిన పిదప, 2000లో గాని విశ్రాంత సైనిక శునకములను పెంపకమునకిచ్చు చట్టము ఆ దేశమున రాలేదు. నమ్మి వెంటవచ్చిన దానిని విడువరాదను ధర్మరాజు మాట నెఱవేరుటకు చట్టము కావలసివచ్చినది.

భారతసేనలో శునకశిక్షణము మీరట్‌నందలి అశ్వ, పశువైద్య దళ కేంద్రమున జరుగుచున్నది. కాశ్మీరమున 2015లో మాన్సీ యను జాగిలము తన శిక్షకునితోపాటు ప్రాణము విడిచినది. మరణానంతరము సేనా నివేదికలలో ప్రశంస పొందినది. 2022 అక్టోబరులో అనంతనాగ్ ప్రాంతమున జూమ్ అను జాగిలము రెండు గుండ్లు తగిలియు ఉగ్రవాదిని విడువక పోరాడి, అక్టోబరు 13వ తేదీన చనిపోయినది. 2023 సెప్టెంబరులో రాజౌరీ ప్రాంతమున కెంట్ అను ఆడుజాగిలము తన శిక్షకుని కాపాడుచు ప్రాణమిచ్చినది. అట్లు పోరున మడిసినవి గౌరవము పొందినవి. కాని బ్రదికి ముసలివైన వాని మాట యేమి? పనికిరాని జాగిలములను మందిచ్చి చంపు పద్ధతి మన సేనలో నుండెనని 2015లో సమాచారహక్కు చట్టము వలన బయల్పడినది. ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున వ్యాజ్యము నడచినది. అటుపిమ్మట విశ్రాంత జాగిలములకు ఆశ్రయమిచ్చుట, దయగల కుటుంబములకు పెంపకమిచ్చుట అను పద్ధతి వ్యాపించినది. ఇది మేలైన మార్పు.

ఆతకూరు శిల ఈ విషయమున మనకు కొలమానము. సత్కారమనగా పతకము మాత్రమే కాదు. పేరును మఱవకుండుట యొకటి, నిర్వహణకు వనరు లేర్పరచుట రెండవది; ఈ రెంటిని మణలేరుడు చనిపోయిన జాగిలమునకు చేసెను. బ్రదికియున్న ముసలి జాగిలమునకు అంతకన్న తక్కువ చేయుట న్యాయమా?

2025లో తక్కోలమునందలి కేంద్ర పారిశ్రామిక భద్రతాదళ శిక్షణకేంద్రమునకు రాజాదిత్య చోళుని పేరు పెట్టబడినది. వెయ్యేండ్ల పిమ్మట వీరుని పేరు తాను మడిసిన చోటికి తిరిగివచ్చుట ముదావహము. విమానాశ్రయములందు ప్రయాణికులను కాపాడు ఆ దళమునందును జాగిలములు సేవచేయుచుండుట గమనింపదగినది. ఈ సీమ బాలబాలికలకు రాజాదిత్యుని కథ చెప్పునప్పుడు కాళి కథను గూడ చెప్పవలెను. ఆతకూరు శాసనపు లిపి నాటి తెలుగు లిపికి తోబుట్టువు వంటిది; ప్రాచీన తెలుగు శాసనములను చదువ నేర్చిన విద్యార్థి అందలి యక్షరములను పోల్చుకొనగలడు. తమ ఊరి చెంత జరిగిన పోరు, పొరుగుభాష శిలపై, తమకు పరిచితమైన అక్షరములలో నిలిచియుండుట చూచిన విద్యార్థికి చరిత్ర యొక పాఠ్యభాగముగ గాక సొంత ఆస్తిగ తోచును. వీథిలో కుక్కపై రాయి విసరబోవు చేయి సరమ ప్రశ్నను, మణలేరుని శిలను తలచి యాగినచో, ఆ చదువు సార్థకమైనట్లే.