పుట అడుగున అర్థం ఎవరి కోసం? – తెలుగు ముస్లిం కథలు, పాతబస్తీ పాఠకులు

కీలకపదాలు: ముస్లింవాద సాహిత్యం, అస్తిత్వం, బాల్యం, పాఠకస్పందన, సాధారణీకరణం.

1. ఉపోద్ఘాతం

ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991) దీర్ఘకవితతో తెలుగులో ముస్లిం అస్తిత్వ ప్రకటనకు స్పష్టమైన రూపం ఏర్పడింది. స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ (1998) కవితాసంకలనం, ‘వతన్’ (2004) కథాసంకలనం వెలువడ్డాయి. ఈ సాహిత్యాన్ని సాధారణంగా రచయితల దృక్పథం నుంచి చర్చిస్తాం. చదివేవారు ఎవరన్నదాన్ని బట్టి పాఠం ఎలా మారుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాదు పాతబస్తీలో, ఇంట ఉర్దూ మాట్లాడుతూ తెలుగును ద్వితీయభాషగా చదివే డిగ్రీ విద్యార్థినులకు పాఠం చెప్పిన అనుభవం దీనికి ఆధారం. ఇది ఒక తరగతికి పరిమితమైన పరిశీలన మాత్రమే.

2. అర్థాల దిశ

ఉర్దూ మాటలకు కుండలీకరణాలలోనో పుట అడుగుననో తెలుగు అర్థాలివ్వడం ముస్లిం కథలలో తరచు కనిపించే పద్ధతి. అటువంటి ఒక కథ చదువుతుండగా ఒక విద్యార్థిని, “ఈ మాటలు అందరికీ తెలిసినవే కదా మేడమ్, అర్థాలు ఎవరి కోసం రాశారు?” అని అడిగింది. అవి నాబోటివారి కోసం. ఉర్దూ తెలియని నేను ఆ అర్థాల సాయంతోనే కథ చదివాను. కానీ ఆమె తడబడినది తెలుగు మాటల దగ్గర. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ (1999) చదివినప్పుడు ఈ తేడా మరింత స్పష్టపడింది. ఆ కథలలోని ముస్లిం బాల్యం వారికి దగ్గరిది. నెల్లూరు మాండలికం దూరపుది. నాకు మాండలికం దారి చూపింది, వారికి అమ్మీ అబ్బాల పిలుపులు దారి చూపాయి.

భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణం, వ్యక్తిగత సంబంధాలు తొలగినప్పుడే రసాస్వాదం సాధ్యమంటుంది. ఇక్కడ సంబంధం తొలగలేదు. ఆ సంబంధమే ఆస్వాదానికి ప్రవేశద్వారమైంది.

3. ‘వారు’, ‘మేము’

వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథకు మక్కా మసీదు పేలుడు (18 మే 2007) నేపథ్యం. అందులోని తల్లి భయాన్ని చర్చించేటప్పుడు విద్యార్థినులు “మా అమ్మ కూడా” అంటూ మాట్లాడారు. అదే కథపై పరీక్షలో మాత్రం, “రచయిత ముస్లింల జీవితాన్ని, వారి ఆచారాలను చక్కగా చిత్రించారు” అని రాశారు. తమ ఇంటిని తామే ప్రథమపురుషలో వర్ణించుకున్నారు. తప్పు వారిది కాదు. “ముస్లింల జీవనవిధానాన్ని వివరించండి” అన్న ప్రశ్న నేను ఇచ్చినదే. ఆ ప్రశ్నకు ‘మేము’ అని జవాబు రాసే వీలు లేదు.

టోనీ మోరిసన్ తొలి నవల (1970)లో నల్లజాతి బాలిక నీలికళ్ళు కావాలని కోరుకుంటుంది. తనను పరాయి కళ్ళతో చూసుకోవడం అక్కడ ఇతివృత్తం. మన ప్రశ్నపత్రం అదే చూపును పాఠకురాలికి అలవాటు చేస్తున్నది.

4. ముగింపు

అస్తిత్వ సాహిత్యాన్ని పాఠ్యాంశంగా చేర్చడంతో బాధ్యత తీరదు. ఆ పాఠం ఎవరిని బయటివారుగా ఊహిస్తున్నదో అధ్యాపకులు గమనించాలి. తరువాతి పరీక్షలో నేను ప్రశ్న మార్చాను: “ఈ కథలో మీకు అర్థం అవసరం లేని మాట ఏది? అవసరమైన మాట ఏది? ఎందుకు?” ఈసారి జవాబులలో ‘వారు’ తగ్గింది. కొందరు ‘నేను’ అని మొదలుపెట్టారు. ఇద్దరు మాత్రం పాత పద్ధతిలోనే రాశారు. అలా రాయడానికి కూడా వారికి కారణాలుండవచ్చు. పాఠకస్పందన పరిశోధన వాటిని కూడా వినవలసి ఉంటుంది.