ల్యాప్‌టాపున మాటిమాటికి తోచు నీలితెఱ

ల్యాప్‌టాపు మీద పని చేయుచుండగా ఏ సూచనయు లేక తెఱయంతయు నీలిరంగు తాల్చి, దానిమీద తెల్లని యక్షరములు కొన్ని కనబడి, యంత్రము తనంతట తానే ఆగి మఱల మొదలగుట మనలో పెక్కుమంది చూచియే యుందురు. ఒకమాఱు జరిగినయెడల మఱచిపోవచ్చును. వారమునకు రెండు మూడు పర్యాయములు జరిగినచో మఱువరాదు. అట్టి యంత్రమును వెంటనే దుకాణమునకు గొనిపోయి, అచ్చటివారు “ఫార్మాటు చేయవలె”నని చెప్పగానే తలయూపి, మూడేండ్ల పాఠములను, ఇంటివారి ఛాయాచిత్రములను పోగొట్టుకొనిన పూర్వవిద్యార్థులను నేనెఱుగుదును. వారి యంత్రములలో కొన్ని ఫార్మాటు చేసిన వారమునకే మఱల నీలితెఱ చూపినవి. రోగమెయ్యదియో తెలియకమునుపే మందిచ్చుట ఎట్టిదో ఇదియు నట్టిదే. కావున కారణమును వెదకు విధమును గూర్చి ఇచ్చట కొంత వ్రాయుచున్నాను.

మొదట ఇది యేమియో తెలిసికొనవలయును. విండోసునందు పనులు రెండంతస్తులలో జరుగుచుండును. మనము వ్రాయుటకును, చదువుటకును, బొమ్మలు చూచుటకును వాడు ప్రోగ్రాములు పై యంతస్తులోనివి. వానిలో నొకటి చెడినచో విండోసు దాని నొక్కదానినే మూసివేయును. తక్కినవి యథాప్రకారము నడచుచుండును. క్రింది యంతస్తున కెర్నెలను మూలభాగమును, దానితోగూడ తెఱ, వైఫై, శబ్దము, డిస్కు మొదలగు పరికరములను నడపు డ్రైవర్లలో పెక్కును ఉండును. ఇచ్చట అందఱికిని ఉమ్మడి మెమొరీయే. నడుమ గోడలు లేవు. ఒక డ్రైవరు తనది కాని చోట వ్రాసినచో దానిని పట్టి ఆపువారుండరు. తప్పు బయటపడిన తరువాత కూడ కెర్నెలు ముందునకు సాగినయెడల, చెడిపోయిన లెక్కలే డిస్కుమీది కెక్కి మన ఫైళ్లను పాడుచేయవచ్చును. అందుచేత అది పని నాపివేసి, కారణమును తెలుపు సంకేతమును తెఱమీద చూపి, ఆ క్షణమున మెమొరీలోనున్న స్థితిని కొంత డిస్కుమీద వ్రాసి, యంత్రమును మఱల మొదలుపెట్టును. యెహెజ్కేలు గ్రంథమునందలి కావలివాడు బాకా ఊదుట వంటిది ఈ నీలితెఱ. ఊదినవానిమీద కోపపడి ప్రయోజనము లేదు; ఆపద ఎటునుండి వచ్చుచున్నదో చూడవలయును.

దీని చరిత్ర రెండు మాటలలో చెప్పెదను. 1993లో వెలువడిన విండోసు ఎన్‌టీ 3.1 నందు ఈ తెఱను వ్రాసినవాడు మైక్రోసాఫ్టునందలి జాన్ వెర్ట్ అను ఇంజనీరు. ఆయన అప్పుడు వాడుచుండిన యంత్రమునందును, వ్రాతకు వాడిన ఎడిటరునందును నీలముమీద తెల్లని యక్షరములే యుండుటచేత ఇందును అవియే పెట్టెను. 2012లో విండోసు 8తో విచారముఖము గల బొమ్మయు, 2016లో విండోసు 10 నందు క్యూఆర్ గుఱుతును చేరినవి. 2025లో విండోసు 11కు వచ్చిన మార్పుచేత ఆ రెండును పోయి, తెఱ నల్లనాయెను. కాబట్టి నల్లతెఱమీద తెల్లని యక్షరములు చూచినవారు ఈ సంగతులు తమకు వర్తింపవని తలపరాదు.

ఏ శోధనకైనను ముందు, యంత్రము తెఱచుకొనిన వెంటనే, ముఖ్యమైన ఫైళ్లనన్నిటిని వేఱొక డిస్కునకో పెన్‌డ్రైవునకో నకలు తీసికొనవలయును. మఱునాడు అది తెఱచుకొనునని ఎవరును పూచీపడలేరు. రెండవది, ఇప్పటి ల్యాప్‌టాపులలో పెక్కింట డిస్కు బిట్‌లాకరు అను తాళముతో మూయబడి యుండును. సేఫ్ మోడునకు పోయినప్పుడును, బయాసును మార్చినప్పుడును అది 48 అంకెల తాళపుసంఖ్య నడుగవచ్చును. ఆ సంఖ్య సాధారణముగా మన మైక్రోసాఫ్టు ఖాతాలో దాచబడి యుండును. ముందుగానే దానిని కాగితముమీద వ్రాసి పెట్టుకొనవలయును. ఇది లేక, ఆరోగ్యముగానున్న డిస్కులోని తమ వ్రాతలను తామే చదువలేక విలపించువారు గలరు.

ఇక సాక్ష్యములు. సంకేతము చదువునంతలోనే యంత్రము మొదలగుచున్నదని పలువురు చెప్పుదురు. సిస్టమ్ ప్రాపర్టీసులో అడ్వాన్స్‌డ్ అను భాగమున, స్టార్టప్ అండ్ రికవరీ క్రింద, ఆటోమాటికల్లీ రీస్టార్ట్ అనుదాని యెదుట నున్న గుఱుతును తీసివేసినచో తెఱ నిలిచియుండును, తీరికగా వ్రాసికొనవచ్చును. ఒక నోటుపుస్తకమున తేది, వేళ, సంకేతము, అప్పుడు చేయుచుండిన పని, ఛార్జరు తగిలించి యున్నదా లేదా అను సంగతులను ప్రతిమాఱును వ్రాయవలయును. విండోసులోనే రిలయబిలిటీ మానిటరు అను పట్టిక యొకటి కలదు. ఏ దినమున ఏమి చెడినదియు, ఏ క్రొత్త ప్రోగ్రాము వేయబడినదియు అందు ప్రక్కప్రక్కనే కనబడును. నా యభిప్రాయమున ఇంతకంటె ఉపకరించు సాధనము వేఱొకటి లేదు, అయినను దీని నెఱిగినవారు మిక్కిలి తక్కువ. సీ డ్రైవులో విండోస్ ఫోల్డరునందలి మినీడంపు లోని ఫైళ్లను బ్లూస్క్రీన్‌వ్యూ అను ఉచిత సాధనముతో గాని, మైక్రోసాఫ్టువారి విన్‌డీబీజీతో గాని తెఱచి చూడవచ్చును. అందు తఱచుగా ఎన్‌టీ ఓఎస్ కెర్నెలు ఫైలుపేరే దోషిగా కనబడును. అది దొంగతనము జరిగిన ఇంటి యజమాని పేరు వంటిది. దానిమీద తీర్పు చేయరాదు. బయటినుండి వచ్చిన డ్రైవరు పేరు ఏదైన మఱల మఱల వచ్చుచున్నదా యని చూడవలయును.

మా పాఠశాలలో పదవతరగతి నామినల్ రోల్సు సిద్ధపఱచుచుండిన ల్యాప్‌టాపు ఒకటి ఇట్లే దినమునకొకమాఱు ఆగుచుండెను. గడువు దగ్గఱపడుచుండెను. ఒక పిల్లవాని పేరు తప్పిపోయినచో వాని పరీక్షకే ముప్పు. విండోసు మఱల వేయుమని కొందఱు, మదర్‌బోర్డు పోయినదని దుకాణమువారు చెప్పిరి. అయిదు దినముల సంకేతములు వ్రాసి చూడగా ఒకనాడు మెమొరీ మేనేజ్‌మెంట్, ఒకనాడు పేజ్ ఫాల్ట్, మఱియొకనాడు ఐఆర్‌క్యూఎల్ అని, ఒకదానికొకటి పొత్తులేక యుండెను. డ్రైవరు చెడినప్పుడు సాధారణముగా ఒకే సంకేతము, ఒకే పేరు వచ్చుచుండును. ప్రతిమాఱును క్రొత్తపేరు వచ్చుచున్నచో, అందఱికిని ఉమ్మడియైన మెమొరీనే ముందు శంకింపవలయును. దానియందు మెమొరీ పలకలు రెండుండెను. విండోసులోని మెమొరీ డయాగ్నస్టికు ఏ దోషమును చూపలేదు. మెమ్‌టెస్టు 86 అను సాధనమును పెన్‌డ్రైవునుండి రాత్రియంతయు నడుపగా, తెల్లవాఱునప్పటికి తప్పులు వరుసగా కనబడెను. పిమ్మట ఒక్కొక్క పలకనే యుంచి శోధించితిమి. ఒకటి శుద్ధముగా నుండెను. రెండవది ఏ గంటులో పెట్టినను తప్పులే చూపెను. దానిని తీసివేయగా యంత్రము నెమ్మదిగానైనను ఆగక నడచెను, పట్టీ గడువులోపల పంపబడెను. తరువాత కొన్న క్రొత్తపలక వెల, మదర్‌బోర్డునకు చెప్పిన మొత్తములో పదియవవంతైనను కాలేదు. అయితే మెమొరీని బోర్డునకే అతికించిన ల్యాప్‌టాపులును కలవు. వానిలో ఈ పద్ధతి సాగదు. మూత తెఱచు పని పిల్లలు ఒంటరిగా చేయరాదు.

ఒకే సంకేతము వచ్చుచున్నచో దారి సులభము. వీడియో టీడీఆర్ అనునది తెఱను నడపు గ్రాఫిక్సు డ్రైవరును చూపును. డ్రైవర్ పవర్ స్టేట్ అనునది యంత్రము నిద్రించునప్పుడో మేల్కొనునప్పుడో మాట వినని డ్రైవరును చూపును. ఇట్టిచోట, ఆగుట మొదలైన దినమునకు ముందు ఏమి మాఱినదో చూచి, డివైస్ మేనేజరునందు రోల్ బ్యాక్ చేసి పాత డ్రైవరునకు మరలవలయును. లేదా తయారీదారుని పుటనుండి సరియైనది తెచ్చుకొనవలయును. డ్రైవర్లన్నియు తామే సరిచేయుదుమని ప్రకటించుకొను ప్రోగ్రాములను నేను నమ్మను. అవి ఒక్కసారి పదింటిని మార్చి, ఏది దోషియో తెలియకుండ చేయును. విండోసు ప్రవేశపు తెఱవఱకైనను వచ్చి ఆగుచున్నచో, అచ్చటనే షిఫ్టు మీట నొక్కిపట్టి రీస్టార్టు కోరి, ట్రబుల్‌షూటు మార్గమున సేఫ్ మోడునకు పోవలయును. అచ్చట మిక్కిలి యవసరమైన డ్రైవర్లు మాత్రమే నడచును. యంత్రము అచ్చట నిలిచి, బయట ఆగుచున్నచో, మెమొరీకంటె డ్రైవరుమీదనే అనుమానము బలపడును.

ఒక డ్రైవరు ఎంతపని చేయగలదో లోకమంతయు 2024 జూలై 19వ తేదిన చూచెను. క్రౌడ్‌స్ట్రైకు అను రక్షణసంస్థ పంపిన దోషపు ఫైలును చదువబోయి, క్రింది యంతస్తున నడచు వారి డ్రైవరు హద్దు దాటి మెమొరీని తాకుటచేత, మైక్రోసాఫ్టువారి లెక్క ప్రకారము 85 లక్షల విండోసు యంత్రములు నీలితెఱ చూపినవి. హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. ఆ యంత్రములలో ఏ పలకయు చెడలేదు, ఏ డిస్కును పగులలేదు. చికిత్సయు చిన్నదే: సేఫ్ మోడున ఆ యొక్క ఫైలును తీసివేయుట. కాని పెక్కు యంత్రములయొద్దకు మనిషి పోవలసివచ్చెను, పోయినచోట బిట్‌లాకరు సంఖ్య కావలసివచ్చెను.

మన ప్రాంతమున వేసవి ఎండలను గూర్చి వేఱుగా చెప్పవలయును. మే నెలలో గదియే 40 డిగ్రీలకు చేరినప్పుడు, పఱుపుమీద పెట్టిన ల్యాప్‌టాపు క్రిందినుండి గాలి పీల్చుకొనజాలదు. వేడికి యంత్రము ముందు నెమ్మదించును, పిమ్మట ఏ తెఱయు చూపక ఆరిపోవును, లేదా డబ్ల్యూహెచ్ఈఏ అని మొదలగు సంకేతము చూపును. ఈ సంకేతము ప్రాసెసరు తానే తెలుపు హార్డువేరు దోషము. నోటుపుస్తకమున మధ్యాహ్నపు వేళలే యెక్కువగా కనబడినచో, ఫ్యానునందలి దుమ్మును తీయించి, బల్లమీద పెట్టి చూడవలయును. అడుగుభాగము ఉబ్బియున్నచో బ్యాటరీ ఉబ్బినదని శంకింపవలయును. దానిని నొక్కరాదు, ఛార్జి చేయరాదు, వెంటనే నిపుణునికి చూపవలయును.

కెర్నెల్ డేటా ఇన్‌పేజ్ అను సంకేతము డిస్కును అనుమానింపజేయును. ఫైళ్లు తెఱచుకొనుట కాలయాపనమగుచున్నచో అనుమానము మఱింత బలపడును. నకలు తీయకమునుపు చెక్ డిస్కు నడుపుట మంచిది కాదు; మరణావస్థలోనున్న డిస్కునకు ఆ శ్రమయే చాలును. విండోసు ఫైళ్ల సంగతియైనచో డిజ్మ్, ఎస్ఎఫ్‌సీ అను రెండు ఆజ్ఞలను వరుసగా నడిపిన చాలును.

ఇవియన్నియు ఒక్కదినమున చేయరాదు. ఒక మార్పు చేసి, ఆగుటకు సాధారణముగా పట్టు కాలమునకు రెండింతలు వేచి, అప్పుడు రెండవది చేయవలయును. ఫార్మాటు చివరకు మిగులు పరీక్ష. విండోసును క్రొత్తగా వేసి, ఇతర ప్రోగ్రాములేవియు చేర్చకయే నడిపినను నీలితెఱ వచ్చుచున్నచో, దోషము హార్డువేరులోనే యుండుట మిక్కిలి సంభావ్యము. అప్పుడు దుకాణమునకు పోవువారు నోటుపుస్తకపు పుటను నకలు చేసి యంత్రముతోకూడ ఇవ్వవలయును: ఏ తేదులలో ఏ సంకేతములు, మెమొరీ పరీక్ష ఎన్ని గంటలు నడిచినది, ఏ డ్రైవరు మార్చబడినది, నకలు తీయబడినదా. ఇట్టి కాగితము చూచిన మరమ్మతుదారుడు మదర్‌బోర్డు మాట నెత్తుటకు ముందు పలకలను విప్పి చూచును.