మఠకన్య మేల్కొలిపిన గానము

మా రామచంద్రపురము ప్రాంతపు పెద్దలకు స్వరము యొక్క విలువను నేను వేరుగ జెప్ప నక్కరలేదు. ద్రాక్షారామ భీమేశ్వరుని సన్నిధిని నమకచమకములు వినుచు పెరిగిన వారము. ఉదాత్తానుదాత్త స్వరితములలో నొకటి తప్పినను మంత్రము తప్పినట్లే యని కోనసీమ ఘనపాఠులు చెప్పుదురు. గ్రంథములో అక్షరము క్రింద అడ్డగీతయు, పైన నిలువుగీతయు ఉండును గాని, గీతను జూచినంత మాత్రమున స్వరము పలుకదు. అది గురుముఖమున రావలసినదే. అట్టి పరంపర యొకచోట తెగిపోయినచో దానిని మరల కూర్చుట సాధ్యమా? పడమటి దేశమున ఒక క్రైస్తవ మఠకన్య తన జీవితమంతయు ఈ ప్రశ్నకే ధారవోసెను. ఆమె వృత్తాంతమును నేడు మీకు విన్నవించెదను.

ఆమె పేరు డేమ్ లారెన్షియా మెక్‌లాక్లన్. ‘డేమ్’ అనునది ఆంగ్లదేశపు బెనెడిక్టు మఠములలోని కన్యలకు గౌరవవాచకము. ఆమె 1866లో స్కాట్లండు దేశమున జన్మించి, 1884లో, పదునెనిమిదవ యేట, ఇంగ్లండులోని వూస్టరు నగరమునకు సమీపముననున్న స్టాన్‌బ్రూకు మఠమున ప్రవేశించెను. ఆ కాలమున అచ్చటి కన్యలు మఠపు ప్రహరీ దాటి రారు. చూడవచ్చిన వారితో ఊచల తెర వెనుకనుండి మాటలాడుదురు.

ఆ మఠములకు మూలము ఆరవ శతాబ్దమున బెనెడిక్టు మునీశ్వరుడు వ్రాసిన నియమావళి. దాని ప్రకారము పగలు ఏడు మారులు, రాత్రి యొకమారు గుడిలో చేరి స్తోత్రగానము చేయవలెను. నూటయేబది దావీదు కీర్తనలు వారములోపల ముగియవలెను. మన త్రికాల సంధ్యవలె ఇది కాలమును పూజగా విభజించుట. ఈ పూజావిధులను, పండుగల క్రమమును, వాటి గానమును కలిపి దైవార్చన యందురు.

ఆ గానము లాటిను భాషలోనిది. వాద్యముల తోడు లేక అందరు ఏకస్వరమున పాడునది. తొలినాళ్ళ వ్రాతప్రతులలో అక్షరములపై వంకర గుర్తులు మాత్రముండెడివి. స్వరము పైకి పోవునో దిగునో అవి తెలుపును గాని, ఎంత మేరకో తెలుపవు. ముందే నోటికి వచ్చినవానికే అవి యుపయోగపడును. పదునొకండవ శతాబ్దమున గ్విడో అను ఇటలీ సన్న్యాసి గీతలపై స్వరములను నిలుపు పద్ధతిని వ్యాపింపజేసెను.

ఇంగ్లండులో 1536 మొదలు 1540 వరకు ఎనిమిదవ హెన్రీ రాజు మఠముల నన్నిటిని మూయించెను. పాడు నోళ్ళు మూగవోయెను. గానగ్రంథములు అనేకములు నాశనమయ్యెను. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సులోని సొలేము మఠవాసులు, పలుచోట్ల మిగిలిన ప్రాచీన ప్రతులను ఒకదానితో నొకటి సరిపోల్చి, పూర్వగానమును శోధింప మొదలిడిరి. స్టాన్‌బ్రూకు కన్యలు వారి పద్ధతి నవలంబించిరి.

లారెన్షియా ఆ పనిలో అగ్రగణ్యురాలయ్యెను. ఈ గానమునకు ఆమె కూర్చిన వ్యాకరణము 1905లో వెలువడెను. దానిపై ఆమె పేరు లేదు. స్టాన్‌బ్రూకు బెనెడిక్టు కన్య యని మాత్రమే యుండెను. వూస్టరు ప్రధానాలయపు గ్రంథాలయములో పదుమూడవ శతాబ్దపు గానగ్రంథ మొకటి మిగిలియుండెను. ఇంగ్లండు మఠముల గ్రంథములలో అట్టివి మిక్కిలి అరుదు. అందు ఓస్వాల్డు, వుల్‌స్టను అను వూస్టరు బిషప్పుల పండుగల గానములు గలవు; గ్రంథము ఏ యూరి యాచారమునకు జెందినదో తెలిసికొనుటకు ఇట్టివే ఆనవాళ్ళు. ఆ గ్రంథపుటల ప్రతిబింబములు, లారెన్షియా పరిశోధనతో గూడ, 1922 మొదలు 1925 వరకు సొలేము మఠమువారి గ్రంథమాలలో అచ్చయ్యెను. పిమ్మట యార్కు నగరపు బెనెడిక్టు మఠము యొక్క పూజావిధి గ్రంథమును పరిష్కరించుటలోను ఆమె పాలుగొనెను. ఇందు నేను మిక్కిలి మెచ్చున దొకటి గలదు. పండితులు ప్రాచీన గ్రంథమును అచ్చువేసి అలమారలో నుంచుట కద్దు. స్టాన్‌బ్రూకులోనో, శోధించిన గానమును కన్యలు ప్రతిదినము పాడిరి.

ప్రహరీ లోపలనున్నను ఆమె కీర్తి వెలుపలికి వ్యాపించెను. ప్రసిద్ధ నాటకకర్త బెర్నార్డు షా 1924 మొదలు ఆమెకు మిత్రుడయ్యెను. 1932లో ఆయన ప్రకటించిన యొక కథ తన విశ్వాసమునకు అపచారమని ఆమె భావించి, దానిని ఉపసంహరింపుమని కోరెను. ఆయన వినలేదు, లేఖలు నిలిచిపోయెను. ఆమె 1931లోనే మఠాధ్యక్షురాలైయుండెను. 1934లో ఆమె మఠప్రవేశపు స్వర్ణోత్సవ స్మారకపత్రము షాకు చేరగా, అది మరణవార్త యని పొరబడి ఆయన కన్యలకు సంతాపలేఖ వ్రాసెను. తాను సజీవురాలనే యని ఆమెయే బదులు వ్రాయగా స్నేహము మరల చిగిర్చెను. విశ్వాసమును విడువకయే స్నేహమును నిలుపుకొనుట ఆమె యందు చూడదగిన గుణము.

1953లో ఆమె కన్నుమూసెను. పిదప 1963లో కతోలిక మహాసభ దేశభాషలలో పూజ జరుపుటకు విస్తృతముగ అనుమతించెను. తెలుగు కతోలికులు తెలుగుననే పూజించుచున్నారు. లాటిను గానము విను తావులు తగ్గినవి. ఆమె శ్రమ వలన ఆ స్వరములు, కోరినవారు మరల పాడుటకు, నిలిచియున్నవి.

పెద్దలారా! ఆమెకు లభించినది పుస్తకము, నోరు లభింపలేదు. దశాబ్దముల శ్రమ అందులకే పట్టెను. మనకు ఇంకను నోళ్ళు గలవు. ఘనపాఠి స్వరము, ముత్తైదువ మంగళహారతి, నాట్లు వేయు స్త్రీల పాట మన యూళ్ళలో ఇంకను వినవచ్చుచున్నవి. పాడువారు బ్రదికి యుండగనే ఒక బాలునో బాలికనో వారి చెంత కూర్చుండబెట్టుడు.