గ్రాండ్ నదిలో ప్రాణం వదిలిన కానిస్టేబుల్

వాటర్లూ (కెనడా): ఇక్కడికి కొత్తగా వచ్చే మనవాళ్లకు ముందు తెలిసేది యూనివర్సిటీ, ఆ తర్వాత బ్లాక్‌బెర్రీ ఫోను పుట్టిన ఊరన్న సంగతి. కట్టడాల పనిలో ఉన్న మాలాంటి వాళ్లకు మాత్రం ఇంకో పేరు కూడా గుర్తుంటుంది. కానిస్టేబుల్ డేవిడ్ నికల్సన్.

వాటర్లూ నగరానికి విడిగా పోలీసు శాఖ లేదు. 1973లో ఈ ప్రాంతపు పట్టణాల బలగాలను కలిపి వాటర్లూ రీజినల్ పోలీసు శాఖను ఏర్పాటు చేశారు. కిచెనర్, కేంబ్రిడ్జ్ కూడా దాని కిందికే వస్తాయి. నికల్సన్ అందులో డైవర్. కేంబ్రిడ్జ్‌లో గ్రాండ్ నదిపై ఉన్న పార్క్‌హిల్ డ్యామ్ దగ్గర మునిగిపోయిన పన్నెండేళ్ల పిల్లాడి మృతదేహం కోసం 1998 ఆగస్టు 12న నీళ్లలోకి దిగారు. ప్రాణాలతో తిరిగి రాలేదు.

పార్క్‌హిల్ పెద్ద డ్యామేమీ కాదు. నాగార్జునసాగర్ చూసిన కళ్లకు అదొక ఆనకట్టలాగే కనిపించదు. కానీ ఇలాంటి చిన్న కట్టలే మనిషిని మోసం చేస్తాయి. ఎగువన నీరు ఎత్తులో ఉండి దిగువన పల్లంలో ఉంటే, మధ్యలో తెరిచి ఉన్న తూము చుట్టుపక్కల నీటినంతా గుంజుకుంటుంది. పైకి చూస్తే నీరు నిమ్మళంగానే ఉంటుంది. ఒక చదరపు మీటరు తూము, రెండు మీటర్ల నీటి తేడా ఉందనుకోండి, దానికి అడ్డంపడిన దానిమీద సుమారు రెండు టన్నుల ఒత్తిడి పడుతుంది. ఒడ్డున పదిమంది తాడు పట్టి లాగినా లాభం ఉండదు. వేసవిలో పిల్లల్ని నది ఒడ్డుకు తీసుకెళ్లే మనవాళ్లు హెచ్చరిక బోర్డులను, నీటిపై తేలే అడ్డుకట్టలను ఊరికే పెట్టారనుకోవద్దు.

ఆంటారియో చట్టం ప్రకారం ప్రమాదమనిపించిన పని చెయ్యనని చెప్పే హక్కు మాకుంది. గోతికి దన్ను కట్టకపోతే దిగం అంటాం, సూపర్‌వైజరు వినాల్సిందే. పోలీసులకు ఆ హక్కు పరిమితం. ఆ ప్రమాదం ఉద్యోగంలో సహజంగా ఉండేదైనా, కాదంటే మరొకరి ప్రాణానికి ముప్పైనా తప్పుకోవడానికి లేదు. నికల్సన్ దిగింది బతికున్న వాడిని కాపాడటానికి కూడా కాదు, ఒక తల్లికి బిడ్డ కడచూపు దక్కించడానికి. చనిపోయినవాడి కోసం బతికున్నవాడు ఎందుకు వెళ్లాలి అని అడిగేవాళ్లున్నారు. పరాయి దేశంలో మనవాడు ఒకడు పోతే శవాన్ని ఊరు చేర్చడానికి చందాలు పోగేసే మాకు ఆ ప్రశ్న రాదు.

మన దగ్గర పోలీసుల త్యాగం అనగానే తూటాలే గుర్తొస్తాయి. 1959 అక్టోబరు 21న లడఖ్‌లో పదిమంది సీఆర్పీఎఫ్ జవాన్లు నేలకొరిగారు. అందుకే ఏటా ఆ రోజు అమరవీరుల సంస్మరణ దినం. హైదరాబాద్‌లో ఉమేశ్‌చంద్రను 1999 సెప్టెంబరు 4న కాల్చి చంపారు, ఎస్సార్ నగర్‌లో ఆయన విగ్రహం ఉంది. నీళ్లు కూడా మనవాళ్లను మింగాయి. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ జవాన్లు వెళ్తున్న లాంచీపై మావోయిస్టులు కాల్పులు జరిపితే ముప్పై మందికి పైగా పోయారు. శవాలను వెలికితీయడానికి రోజులు పట్టింది. ఒడ్డున కాచుకున్న కుటుంబాలను తలుచుకుంటే, డైవర్ల పనేమిటో తెలుస్తుంది. ఊళ్లో ఖాకీ కనబడితే పక్క సందులోకి తప్పుకున్న వాళ్లమే మేమూ, అది వేరే సంగతి.

నికల్సన్ పోయిన 1998లోనే కెనడా ప్రభుత్వం సెప్టెంబరు చివరి ఆదివారాన్ని పోలీసుల జాతీయ సంస్మరణ దినంగా ప్రకటించింది. ఆ రోజు ఒట్టావాలో పార్లమెంటు ఎదుట అమరుల పేర్లు తలుచుకుంటారు. ఆంటారియో వాళ్ల స్మారకం టొరంటోలో క్వీన్స్ పార్క్ దగ్గర 2000లో వెలిసింది. అక్కడ సభ మే మొదటి ఆదివారం. దానికి కొద్దిరోజుల ముందే, ఏప్రిల్ 28న, పనిలో చనిపోయిన కార్మికుల స్మృతి దినం వస్తుంది, జెండాలు సగానికి దించుతారు. ఆ రోజు పరంజా మీంచి పడిన మా తోటివాళ్లతో పాటు నికల్సన్‌నూ తలుచుకుంటాం. ఆయన కూడా డ్యూటీకని ఇంట్లోంచి బయల్దేరిన మనిషే.