లైను తెగిన సంగతి ప్రోగ్రాముకు ఎవరు చెప్పాలి?

కంప్యూటరు చేత ఈమెయిలు పంపించటం ఇవాళ పెద్ద విద్య కాదు. పైథాన్ భాష నేర్చిన ఏ రెండో సంవత్సరం విద్యార్థి అయినా పదిహేను లైన్లలో ఆ పని చేసి చూపించగలడు. కష్టమంతా అదే పనిని రాత్రింబవళ్లు, వారాల తరబడి, పక్కన ఎవరూ కూర్చోకుండా చేయించటంలో ఉంది.

ఉదాహరణకు ఒక కాలేజీ ఆఫీసు అనుకోండి. పరీక్ష ఫీజు గడువు, హాల్ టిక్కెట్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, వీటిలో ఏ ప్రకటన రిజిస్టరులోకి ఎక్కినా సంబంధించిన విద్యార్థులకు ఈమెయిలు వెళ్లాలి. అందుకోసం ఒక ప్రోగ్రాము మూలగదిలోని కంప్యూటరు మీద నడుస్తూ ఉంటుంది. నిమిషానికోసారి రిజిస్టరు చూస్తుంది. కొత్తది ఉంటే పంపుతుంది, లేకపోతే మళ్లీ కునుకు తీస్తుంది. శుక్రవారం భేషుగ్గా పనిచేసింది. శని, ఆదివారాలు పంపవలసినదేమీ లేదు. సోమవారం ఫీజు గడువు ప్రకటన పడింది, ఒక్కరికీ ఉత్తరం అందలేదు! వెళ్లి చూస్తే ప్రోగ్రాము చావనూ లేదు, నడుస్తూనే ఉంది. గడువు దాటిన కుర్రవాడు అపరాధ రుసుము కట్టుకోవాలి, కాకపోతే పరీక్షే వదులుకోవాలి. వాడితో "ప్రోగ్రాము నడుస్తూనే ఉందయ్యా" అంటే ఏం లాభం?

ఇంతకూ జరిగిందేమిటి? ఇది తెలియాలంటే ఉత్తరం పంపే ప్రోగ్రాముకూ, మెయిల్ సర్వరుకూ మధ్య నడిచే సంభాషణను కొంచెం వినాలి.

ఆ సంభాషణకు ఎస్.ఎం.టి.పి. అని పేరు. దీని నియమాలను 1982 ఆగస్టులో జోనథన్ పోస్టెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆర్.ఎఫ్.సి. 821 అనే పత్రంలో పొందుపరిచాడు. 2001లో ఒకసారి, 2008లో మరొకసారి జాన్ క్లెన్సిన్ సంపాదకత్వాన వాటిని సవరించారు గాని, మాటల వరుస మటుకు అదే. లైను కలవగానే సర్వరు 220 అంటుంది, అనగా "సిద్ధంగా ఉన్నాను" అని. మనవాడు తన పేరు చెప్పుకుంటాడు. 250 అంటుంది సర్వరు, అనగా "సరే". ఫలానావారి నుంచి ఉత్తరం, సరే, ఫలానావారికి, సరే, ఇదుగో విషయం, 354, "కానివ్వు". ఉత్తరమంతా చదివి, చివర ఒక లైనులో ఒంటరి చుక్క పెడితే ముగిసినట్లు. దానికి మళ్లీ 250 వస్తే ఉత్తరం బాధ్యత సర్వరు నెత్తిన వేసుకున్నట్లు లెక్క. ఈ ఆఖరి 250ని బాగా గుర్తుపెట్టుకోండి, దీనితో ముందుముందు పని ఉంది.

అంకెల్లో మొదటిది చూస్తే చాలు, సంగతి తెలిసిపోతుంది. 2 అంటే పని అయింది, 3 అంటే ఇంకా చెప్పు, 4 అంటే ఇప్పుడు కాదు తర్వాత రా, 5 అంటే ఇహ రావద్దు.

ఇప్పుడు ఆ ప్రోగ్రాము రాసినవారు సాధారణంగా చేసే పని చూడండి. మొదట్లోనే సర్వరుకు లైను కలిపి, పాస్‌వర్డు చెప్పి లోపలికి వెళ్లి, ఆ తర్వాత అంతులేని లూపులో కూర్చుంటారు. ఒకసారి కలిపిన లైను ఎల్లకాలం ఉంటుందని వారి నమ్మకం. సర్వరుకు అంత ఓపిక ఎక్కడిది? తర్వాతి మాట కోసం కనీసం 5 నిమిషాలు ఆగమని నియమం చెబుతుంది. చాలాచోట్ల వాడే పోస్ట్‌ఫిక్స్ అనే సర్వరు మామూలు రోజుల్లో సరిగ్గా 300 సెకన్లు ఆగుతుంది, రద్దీగా ఉంటే అంత కూడా ఆగదు. ఆపైన "421, నేను తలుపు వేసుకుంటున్నాను" అని చెప్పి లైను తీసేస్తుంది. చెప్పే తీసేస్తుంది, పాపం. కాని మనవాడు కునుకు తీస్తున్నాడు కదా, ఆ మాట వినే నాథుడేడి?

ఇది మర్యాదగల తెగటం. మర్యాద లేనిది ఇంకొకటి ఉంది. కాలేజీ కంప్యూటర్లన్నీ సాధారణంగా ఒకే రౌటరు వెనక ఉంటాయి. ఎవరు బయట ఎవరితో మాట్లాడుతున్నారో ఆ రౌటరు ఒక పట్టికలో రాసుకుంటుంది. కొంతసేపు మాటలు లేకపోతే ఆ పద్దు కొట్టేస్తుంది. 2 గంటల 4 నిమిషాల లోపు కొట్టెయ్యకూడదని 2008లో ఒక సిఫారసు వచ్చింది గాని, కొద్ది నిమిషాలకే మరిచిపోయే పెట్టెలు ఎన్నో ఉన్నాయి. అది అటు సర్వరుకూ చెప్పదు, ఇటు మనకూ చెప్పదు. ఉభయులూ లైను ఉందనే అనుకుంటూ ఉంటారు.

చాలామందికి అర్థంకాని కీలకం ఇక్కడే ఉంది. ఇంటర్నెట్‌లో లైను అనేది తీగ కాదు. పూర్వం ట్రంకు కాల్ మాట్లాడేటప్పుడు అవతలివాడు పెట్టేస్తే చెవిలో చప్పుడు మారేది, తెలిసిపోయేది. ఇక్కడ లైను అంటే రెండు కంప్యూటర్లు తమ తమ పుస్తకాల్లో రాసుకున్న పద్దులు మాత్రమే. మాట్లాడనంతసేపూ మధ్యలో ఏమీ ప్రవహించదు. అవతలి సర్వరు తగలబడిపోయినా, మధ్య కేబులును ఎలుక కొరికేసినా, మన పుస్తకంలో పద్దు చెక్కుచెదరదు. మాట్లాడబోయినప్పుడే బండారం బయటపడుతుంది.

అప్పుడైనా వెంటనే పడుతుందా అంటే, అదీ లేదు. మనం పంపిన మొదటి మాటను మన కంప్యూటరే తీసుకుని "సరే, పంపుతాను" అనేస్తుంది. ప్రోగ్రాము దృష్టిలో అది విజయమే. రౌటరు నోరు మెదపకుండా పద్దు కొట్టేసి ఉంటే, లినక్స్ కంప్యూటరు ఆ మాటనే మళ్లీ మళ్లీ పంపి, సుమారు 15 నిమిషాల తర్వాత గాని ఆశ వదులుకోదు. ఇంకా అన్యాయమైన సంగతి ఏమంటే, మన మాట అవతలికి చేరి, జవాబు చెప్పేలోపు సర్వరు కుప్పకూలిందనుకోండి. మనం పంపవలసినది ఏమీ మిగల్లేదు కనుక వినటం తప్ప పనిలేదు. అలా వింటూ ఎంతకాలమైనా కూర్చోవచ్చు. పైథాన్‌లోని ఎస్.ఎం.టి.పి. లైబ్రరీకి మనం చెప్పకపోతే గడువు అనేదే లేదు. లైను బతికి ఉందా అని అప్పుడప్పుడు తట్టి చూసే కీప్ ఎలైవ్ ఏర్పాటు లినక్స్‌లో ఉంది గాని, అది కోరితేనే పనిచేస్తుంది, పైగా మొదటిసారి తట్టేది 2 గంటల తర్వాత. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్క మొరిగిన సామెత.

సరే, రోగం తెలిసింది. మందు ఏమిటి?

ఐదు నిమిషాలకోసారి సర్వరును పలకరిస్తూ ఉండమని కొందరు చెబుతారు. నూప్ అనే మాట అందుకోసమే ఉంది. "ఏమీ లేదు, ఊరికే" అని దాని అర్థం, దానికీ సర్వరు 250 అంటుంది. నాకు ఈ పద్ధతి నచ్చదు. పలకరింపుకు జవాబు వచ్చిన మరుక్షణంలో లైను తెగదని హామీ ఏముంది? పైగా పని లేకుండా సర్వరు గుమ్మంలో కూర్చోవటం ఇతరుల చోటు ఆక్రమించటమే.

అసలు లైనును పట్టుకుని వేళ్లాడవద్దు. పంపవలసినది ఉన్నప్పుడు కలపండి, ఉన్నవన్నీ పంపండి, క్విట్ అని చెప్పి వచ్చెయ్యండి. కలపటానికి, రహస్య లిపి కుదుర్చుకోవటానికి, పాస్‌వర్డు చెప్పటానికి మామూలుగా ఒకటి రెండు సెకన్లకు మించదు. రోజుకు వంద ఉత్తరాలు పంపే కాలేజీకి ఆ సెకన్లు ఒక లెక్కా? కలిపేటప్పుడు గడువు కూడా చెప్పండి. ఒంటరి చుక్క తర్వాత వచ్చే జవాబు కోసం 10 నిమిషాలు ఆగమని నియమం. అంత ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

పంపుతుండగా మధ్యలో తెగితే? ఇక్కడ రెండు పొరపాట్లు తరచు కనిపిస్తాయి. ఏ తప్పు వచ్చినా పట్టించుకోకుండా ముందుకు పొమ్మని రాయటం మొదటిది. తెగిన తర్వాత పైథాన్‌లో ఆ పాత వస్తువును ఎన్నిసార్లు వాడినా "ముందు లైను కలుపు" అని మొత్తుకుంటూనే ఉంటుంది. ఆ మొత్తుకోలును మింగేస్తే ప్రోగ్రాము ఉత్తరం తర్వాత ఉత్తరం పంపినట్లు నటిస్తూ నెల రోజులు గడుపుతుంది. సోమవారం కథలో జరిగింది అదే. లైను మటుకు మళ్లీ కలిపి, పాస్‌వర్డు చెప్పటం మరచిపోవటం రెండోది. సర్వరు 530 అని మొహం మీదే చెప్పేస్తుంది. అంచేత పాతదాన్ని పారేసి, కలపటం, రహస్య లిపి, పాస్‌వర్డు, ఈ మూడూ ఒకే ఫంక్షనులో పెట్టుకుని, ప్రతిసారీ దాన్నే పిలవటం క్షేమం.

ఇప్పుడు ఆఖరి 250 దగ్గరకు వద్దాం. చుక్క పెట్టకముందు తెగితే చిక్కులేదు. ఉత్తరం సర్వరు చేతికి అందలేదు, మళ్లీ పంపవచ్చు. 250 విన్న తర్వాత తెగినా చిక్కులేదు. కాని చుక్క పెట్టాం, 250 ఇంకా వినలేదు, అంతలో తెగింది. సర్వరు తీసుకున్నట్లా, లేనట్లా? మనకు తెలియదు, తెలుసుకునే మార్గమూ ఈ సంభాషణలో లేదు. రిజిస్టరు పోస్టు చేసి రసీదు కార్డు తిరిగి రాకపోతే, ఉత్తరం పోయిందో కార్డే పోయిందో చెప్పలేం కదా, అలాగే. ఒకే ఉత్తరం రెండేసిసార్లు అందటానికి ఇదే మూలమని 1988లోనే క్రెయిగ్ పార్ట్రిడ్జ్ ఒక పత్రం రాశాడు. సర్వరు చుక్క తర్వాత తీరిగ్గా పనులు పెట్టుకుంటే మనవాడు విసిగి లైను తెంపుతాడని, తెంపి మళ్లీ పంపుతాడని. 10 నిమిషాల ఓపిక అందుకే.

అప్పుడు మళ్లీ పంపాలా, మానాలా? ఇది ప్రోగ్రాము తేల్చేది కాదు, రాసేవారు ముందుగా తేల్చుకోవలసినది. ఫీజు గడువు ప్రకటన రెండుసార్లు అందితే విద్యార్థి విసుక్కుంటాడు. అసలు అందకపోతే సంవత్సరం పోతుంది. కనుక పంపాలి. పంపేటప్పుడు ఉత్తరం గుర్తింపు సంఖ్యను, అంటే మెసేజ్ ఐ.డి.ని, మార్చకూడదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సైరస్ వంటి సర్వర్లు ఒకే సంఖ్య గల రెండో ప్రతిని పక్కన పెట్టెయ్యగలవు. మళ్లీ పంపినప్పుడల్లా కొత్త సంఖ్య వేస్తే ఆ సదుపాయం పోతుంది.

అరవైమందికి పంపుతుండగా ముప్ఫై ఏడో పేరు దగ్గర తెగిందనుకోండి. మొదటినుంచి మొదలెడితే ముప్ఫై ఆరుగురికి రెండోసారి వెళుతుంది. అందువల్ల ఎవరికి వారికి వేరే ఉత్తరం, ఎవరి పద్దు వారికి. పంపేముందే పద్దు డిస్కు మీద రాసుకోవాలి, 250 వినగానే కొట్టివేయాలి. ఎస్క్యూలైట్ వంటి చిన్న డేటాబేసు ఇందుకు చాలు. కరెంటు పోయి వచ్చినా ఎక్కడ ఆగామో తెలుస్తుంది. కరెంటు సంగతి మనకు వేరే చెప్పాలా!

వెంటవెంటనే తలుపు బాదటం కూడా తప్పే. ఐదు సెకన్లు ఆగి, తర్వాత పది, ఇరవై, అలా రెట్టింపు చేస్తూ అరగంట దాకా పోనిచ్చి అక్కడ నిలపండి. మెయిల్ సర్వర్లు తమలో తాము ఉత్తరాలు పంపుకునేటప్పుడు కూడా కనీసం అరగంట ఆగమనీ, నాలుగైదు రోజుల దాకా ఆశ వదలవద్దనీ నియమం. ఆగే కాలానికి కొంచెం యాదృచ్ఛికత కూడా కలపాలి. కరెంటు రాగానే ల్యాబులోని నలభై కంప్యూటర్లూ ఒకేసారి లేచి, ఒకేసారి ఓడిపోయి, సరిగ్గా ఐదు సెకన్లకు మళ్లీ ఒకేసారి తలుపు తడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఈ కిటుకు పాతదే. 1971లో హవాయి విశ్వవిద్యాలయంవారు దీవుల మధ్య రేడియో ద్వారా కంప్యూటర్లను కలిపిన ఆలోహా ఏర్పాటులో, రెండు సందేశాలు ఢీకొంటే ఎవరికి తోచినంతసేపు వారు ఆగి మళ్లీ పంపేవారు.

ఇదంతా 4తో మొదలయ్యే జవాబులకూ, లైను తెగటానికీ. 550 వస్తే ఆ చిరునామాయే చెల్లదు, పద్దు పక్కన పెట్టి మనిషికి చెప్పాలి. 535, అంటే పాస్‌వర్డు తప్పు అయితే మళ్లీ ప్రయత్నించనే వద్దు. పదేపదే తప్పు పాస్‌వర్డు చెప్పేవాణ్ణి దొంగ కింద జమకట్టి ఖాతా మూసేసే సర్వర్లు ఉన్నాయి.

ఇంత చదివాక "ఇదంతా మనమే రాయాలా?" అనిపిస్తే, ఆ అనుమానం న్యాయమైనదే. క్యూ, ఆగటం, రెట్టింపు చేయటం, ఐదు రోజులు చూడటం, ఇవన్నీ 1998లో వీట్సే వెనెమా విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్ లాంటివి ఏళ్ల తరబడి చేస్తూనే ఉన్నాయి. దాన్ని అదే కంప్యూటరు మీద పెట్టుకుని, కాలేజీ మెయిల్ సర్వరు ద్వారానే బయటికి పంపమని చెప్పి, మన ప్రోగ్రాము ఉత్తరాన్ని దానికి అప్పగించి చేతులు దులుపుకోవచ్చు. అప్పగింత ఒకే యంత్రంలో జరుగుతుంది గనుక మధ్యలో మరిచిపోయే రౌటరు లేదు. యంత్రం చేతిలో ఉన్నవారికి నా సలహా ఇదే. అద్దె సర్వర్ల మీద అలా పెట్టుకోవటానికి వీలులేనివారికి పైన చెప్పినదంతా తప్పదు.

ఒక్కటి మటుకు ఏ పోస్ట్‌ఫిక్సూ చెయ్యలేదు. ఈమెయిలు పోవటం లేదన్న సంగతిని ఈమెయిలు ద్వారా చెప్పలేం గదా! కనుక ప్రోగ్రాము ప్రతి చుట్టుకూ ఒక ఫైలులో రెండు సంగతులు రాయాలి: ఆఖరిసారి 250 విన్న సమయం, ఇంకా మిగిలిన పద్దుల్లో అన్నిటికంటే పాతది ఎన్ని నిమిషాల నాటిది అని. ఆ రెండో అంకె అరవై దాటితే ఇంకొక చిన్న ప్రోగ్రాము ఆఫీసు గోడమీది తెరకో, గుమాస్తాగారి సెల్‌ఫోనుకో కబురు చెయ్యాలి. "ప్రోగ్రాము నడుస్తోందా" అని చూసే కాపలా వల్ల ఉపయోగం లేదు.

ఇక పరీక్ష. సర్వరును ఆపి చూడటం ఒక పరీక్షే గాని అది తేలికది, సర్వరు ఆగితే వెంటనే తిరస్కారం వస్తుంది. ఉత్తరాలు పోతుండగా నెట్‌వర్కు కేబులు పీకి, ఇరవై నిమిషాలాగి మళ్లీ పెట్టండి. ఫైర్‌వాల్‌లో మాటలను తిరస్కరించకుండా ఊరికే పారేసేటట్లు పెట్టి చూడండి. ఉత్తరం మధ్యలో కంప్యూటరు స్విచ్చి తీసెయ్యండి. ప్రతిసారీ ఎన్ని పద్దులు మిగిలాయో, ఎవరికి రెండు అందాయో, ఎవరికి అసలు అందలేదో లెక్కపెట్టండి. మూడో లెక్క సున్న రాకపోతే, ఫీజు ప్రకటనను నోటీసు బోర్డు మీద కూడా అంటిస్తూ ఉండండి.