మగ్గం ఆగినా అద్దె ఆగదు

సిరిసిల్ల మరమగ్గాల ఆసామికి బడ్జెట్ అంటే మీటర్ల లెక్కే. నూలు యజమానిది, మగ్గాలు తనవి. చేతికొచ్చేది మీటరుకింత కూలి. అందులో కార్మికుడి వాటా, కరెంటు ఖర్చు పోగా రూపాయి మిగిలిందనుకుందాం. షెడ్డు అద్దె, అప్పు వాయిదా కలిపి నెలకు 6,000 అనుకుంటే... మొదటి 6,000 మీటర్లూ వాటికే సరి! లాభం ఆ తర్వాతి మీటరు నుంచే.

2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు ఈ లెక్కకు ఊపిరిపోశాయి. నెలల తరబడి చేతినిండా పని. కానీ 2024 పండగకి ఆ చీరల పంపిణీ లేదు. ప్రభుత్వ ఆర్డరును ఏటా వచ్చే రాబడిగా రాసుకోవడంలోనే ఉంది చిక్కంతా. మగ్గాలు ఆడే నెలల్లోనే ఆడని నెలల ఖర్చూ తీసిపెట్టాలి. మూడు నెలలు ఖాళీ అనుకుంటే 18,000. కొత్త మగ్గం మాట ఆ తర్వాతే.