కోడెకు చేసేది వేరు, మగవానికి చేసేది వేరు

వేసెక్టమీ అనగానే చాలామంది రైతులకు ముందుగా గుర్తొచ్చేది కోడె. విత్తులు నొక్కించాక పొగరంతా పోయి, కాడికి తలవంచే ఎద్దవుతుంది కదా! "మమ్మల్నీ అలాగే చేస్తారేమో" అని పైకి అనకపోయినా లోపల జంకు ఉంటుంది. ఏది తెగుతుందో, ఏది తెగదో తెలిస్తే ఆ జంకు తీరుతుంది.

మనిషికైనా, కోడెకైనా వృషణాలు ఒక్కొక్కటీ ఒక్కొక్క తాడుకు వేలాడుతుంటాయి. దీన్ని వృషణ రజ్జువు అంటారు. రజ్జువంటే తాడే. మన మలికిపురం వైపు పీచుతాడులో పేటలున్నట్టే ఇందులోనూ ఉన్నాయి: రక్తం తెచ్చే ధమని, తిరిగి తీసుకుపోయే సిరలు, నరాలు, వాటితోపాటు వీర్యకణాలు నడిచే సన్నని గొట్టం. ఈ గొట్టం పేరు శుక్రవాహిక. మందం 2, 3 మిల్లీమీటర్లు. సాగదీస్తే ఇంచుమించు మూరెడు పొడవు. తడిమితే గట్టి దారంలా వేలికి తగులుతుంది.

పశువుల డాక్టరుగారు పెద్ద పటకారు లాంటి పనిముట్టుతో కోడెకు నొక్కేది మొత్తం తాడునే. రక్తం అందక విత్తులు ఎండిపోతాయి. గెల కాడ నరికేస్తే కాయకు నీరెక్కడిది? మగతనాన్నిచ్చే హార్మోను తయారయ్యేది అక్కడే కనుక అదీ పోతుంది.

వేసెక్టమీలో శుక్రవాహిక నొక్కదాన్నే పైకి తీసి, కత్తిరించి, ముడివేస్తారు. మిగతా పేటల జోలికి పోరు. హార్మోను ఈ గొట్టంలో పోదండీ, రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. అందుచేత గడ్డం, గొంతు, కోరిక, కొబ్బరిచెట్టెక్కే సత్తువ ఏదీ తగ్గదు. వీర్యమూ ఎప్పటిలాగే వస్తుంది, ఎందుకంటే అందులో చాలా భాగం వేరే గ్రంథుల నుంచి వచ్చే ద్రవమే. బయటకు రాని కణాలు ఒంట్లోనే కరిగిపోతాయి.

1974లో చైనా డాక్టరు లీ షున్‌చియాంగ్ కత్తిగాటు లేని పద్ధతి కనిపెట్టారు. ఆ చోటు మటుకు మొద్దుబారేలా సూదిమందు ఇచ్చి, చిన్న రంధ్రం చేస్తారు. కుట్లుండవు, అరగంటలోపు పని. ఆడవారి ఆపరేషన్‌కు కడుపులోకి వెళ్ళాలి. అయినా మనవాళ్ళు ఆ బాధను ఎక్కువగా ఇల్లాలికే వదిలేస్తారు. ఇది నాకు న్యాయంగా తోచదు.

గొట్టాన్ని మళ్ళీ కలిపించినా పిల్లలు పుడతారన్న హామీ లేదు. కాబట్టి ఇక చాలని ఇద్దరూ అనుకున్నాకే రండి. 1975-77 ఎమర్జెన్సీ రోజుల్లోలాగా ఎవరి బలవంతమూ పనికిరాదు.

ఆపరేషన్ తరువాత రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. వారం పాటు బరువులెత్తడం, చెట్లెక్కడం, సైకిలు తొక్కడం వద్దు. వాపు పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించుకోండి. ముడికి అవతల అప్పటికే ఉన్న కణాలు కొంతకాలం వస్తూనే ఉంటాయి. కనుక 3 నెలలు నిరోధ్ వాడి, వీర్యపరీక్ష చేయించి, కణాలు లేవని డాక్టరుగారు చెప్పాకనే మానాలి.